నాలుగు కడీల మధ్య ఆకులు

మన్సూరాబాద్‌లో యాదలక్ష్మి ఇంటి ముందున్న బాదం చెట్టు ఏడాదికి రెండుసార్లు ఒళ్లు దులుపుకుంటుంది. చలి విరిగే రోజుల్లో ఒకసారి, వానల నడుమ ఇంకోసారి. వేపాకులా గాలికి ఎగిరి ఎటో పోయే ఆకు కాదది. అరచేతికి రెండింతలుంటుంది. ఎర్రగా పండి, ఎండి, అప్పడంలా పెళుసెక్కి పడుతుంది. పడితే చప్పుడు ఇంట్లోకి వినిపిస్తుంది. పొద్దున ఊడ్చిన వాకిలి టిఫిన్ వేళకే మళ్లీ నిండిపోతుంది.

ఇల్లు నూట ఇరవై గజాలు. వెనక రెండు గదులకు స్లాబు వేశారు. ముందు గేటు పక్కన ఒక రేకుల గది ఉంది. ఆ గదిలో యాదలక్ష్మి మిషన్ ఉంది. ఇరవై రెండేళ్లుగా అక్కడే కూర్చుని ఆ చుట్టుపక్కల నాలుగు కాలనీల చీరలకు ఫాల్స్ కుడుతోంది, పీకో చేస్తోంది. రేకుల గదిలో ఎండాకాలం మధ్యాహ్నం మనిషి కూర్చోగలుగుతోందంటే పైన పరుచుకున్న బాదం కొమ్మల చలవే. ఆ సంగతి ఆమెకు ఊహించుకుంటే తెలిసింది కాదు. ఒక ఏడు గాలిదుమారానికి పెద్ద కొమ్మ విరిగి రేకుల మీద సగం ఎండ పడింది. ఆ ఎండాకాలమంతా మిషన్ తీసుకెళ్లి వంటింట్లో పెట్టుకుంది. చీరల సంచులతో గేటు దాకా వచ్చినవాళ్లు లోపలికి రావడానికి మొహమాటపడి వెనక్కి పోయారు. మళ్లీ కొమ్మలు సాగి నీడ కమ్మేదాకా రెండేళ్లు పట్టింది. చెట్టు పోతే గది పోతుంది, గది పోతే పని పోతుంది. ఆమె లెక్క అంత సూటిగా ఉండేది.

భర్త జానయ్య లెక్క వేరు. ఆయన బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. స్లాబు మీద నీళ్లు పోయే గొట్టంలో ఆకులు ఇరుక్కుంటే నిచ్చెన వేసుకుని ఎక్కేది ఆయనే. ఎదురింటివాళ్ల వాకిట్లో ఆకులు పడితే మాట పడేది కూడా ఆయనే.

చాలా ఏళ్లు ఆకుల సంగతి ఎవరికీ సమస్య కాలేదు. సాయంత్రం పూట రోడ్డు వారకు ఊడ్చి అగ్గిపుల్ల గీస్తే అయిపోయేది. వీధిలో అందరూ చేసేది అదే. ఈ ఏడు జనవరిలో ఒక పొద్దున ఎదురింటి సాధన డ్యూటీకి పోతూ గేటు దగ్గర ఆగింది. ఆమె ఒక ప్రైవేటు దవాఖానలో నర్సు.

"ఆంటీ, మిమ్ములను ఒకటి అడగాలె. ఏమనుకోరు గదా."

"ఏందమ్మా, బ్లౌజు టైటయిందా?"

"బ్లౌజు మంచిగనే ఉంది. గీ ఆకులు కాలవెట్టుడు జర ఆపుతరా? నిన్న మా అత్తమ్మకు ఆయాసమొచ్చింది. రెండుసార్లు నెబ్యులైజర్ పెట్టిన. పొగ మొత్తం మా కిటికీలకెల్లే ఒస్తుంది."

యాదలక్ష్మి తల ఊపింది. మధ్యాహ్నం ఎల్లమ్మను చూడటానికి వెళ్లింది. సాధన అత్త ఎల్లమ్మ మంచం మీద రెండు దిండ్లు ఎత్తు పెట్టుకుని కూర్చుని ఉంది.

"పిల్లది ఊకె అంటది గని," అంది ఎల్లమ్మ. దగ్గింది. "నీ పొగతోని నాకేం గాలె." మళ్లీ దగ్గింది. "చలికి ఒచ్చింది గంతే. నువ్వు మనసుల పెట్టుకోకు." మూడోసారి మొదలైన దగ్గు ఆగలేదు.

ఆ రోజు నుంచి యాదలక్ష్మి అగ్గిపుల్ల గీయలేదు. కానీ ఆకులు రాలడం ఆగదు కదా.

మర్నాడు చెత్త ఆటో వచ్చినప్పుడు మూడు సంచులు గేటు బయట పెట్టింది. ఆటో నడిపే సైదులు ఒక సంచి మూతి విప్పి చూసి మళ్లీ ముడేశాడు.

"అమ్మా, తడి చెత్త ఒకటి, పొడి చెత్త ఒకటి. గిదేంది, అడివంత మూటగట్టినవ్?"

"ఆకులు గూడ పొడిదే గదా సైదులూ."

"పొడిదే. నేను కాదంటలేను. గీ మూడు సంచులు ఎక్కిస్తే నా బండి మీ ఇంటికాడనే నిండుతది. తక్కిన నూరిండ్లోళ్లు నన్ను తిడుతరు. చెట్ల చెత్తకు వేరే బండి అడగాలె, ఫోన్ చేసి చెప్పున్రి."

ఫోన్ చేశారు. వస్తామన్నారు. బండి రాలేదు. ఈలోగా సంచులు మూడు కాస్తా తొమ్మిదయ్యాయి. జానయ్యకు ఓపిక తక్కువ. ఒక సాయంత్రం ఆయన రెండు సంచులు బండి మీద పెట్టుకుని పోయి, పెద్ద నాలా పక్కన ఎవరూ చూడని చోట పడేసి, చేతులు దులుపుకుంటూ వచ్చాడు. మూడో రోజు పొద్దున ఆ రెండు సంచులు తిరిగి గేటు ముందుకొచ్చాయి. వెంట ఒక శానిటేషన్ జవాను కూడా వచ్చాడు. రేకుల గది ఊడ్చిన చెత్త కూడా ఆకుల్లోనే కలిసింది. అందులో యాదలక్ష్మి పేరు, ఫోన్ నంబరు అచ్చువేసిన చీటీలు పదిహేను దాకా ఉన్నాయి.

"ఫాల్స్ కుట్టేది ఈడనే గదమ్మా?" అని మర్యాదగా అడిగాడు జవాను. ఈసారికి వదిలేస్తున్నానని చెప్పి వెళ్లాడు. వీధిలో నలుగురు చూశారు.

జానయ్య ఆ పూట అన్నం దగ్గర తేల్చేశాడు.

"చెట్టు కొట్టిపిస్త. ఒక్కపూట పని. మల్ల జన్మల ఆకు గురించి మాట్లాడే పనుండదు."

"దసరా దాక టైమియ్యి," అంది యాదలక్ష్మి. "ఆకులు నేను చూసుకుంట. దసరాకు గూడ గిట్లనే ఉంటే అప్పుడు నీ ఇష్టం."

"ఏం జేస్తవ్, తింటవా?"

"ఊళ్లె ఏం జేస్తుంటిమి?"

జవాబు జానయ్యకూ తెలుసు. నల్గొండ దగ్గర వాళ్ల ఊళ్లో ఊడ్చిన చెత్తంటూ ఉండేది కాదు. పేడ, పెరట్లో ఆకు, పొయ్యిలో బూడిద, పశువుల ముందు మిగిలిన గడ్డి, అన్నీ పెంటకుప్ప మీదికి పోయేవి. ఏడాదికోసారి ఎరువై బండ్లకెత్తుకుని చేనుకు చేరేవి. ఇంటింటికీ ఒక పెంట, దానికో చోటు.

ఇంటి పక్కనే రెండు వందల గజాల ఖాళీ ప్లాటు ఉంది. సొంతదారు ఎవరో వాళ్లకు తెలియదు. ఎప్పుడో చుట్టూ పాతిన రాతి కడీలు ఒక్కొక్కటే ఒరిగి పడిపోయాయి. కాలనీలో ఇల్లు బాగుచేయించుకున్నవాళ్లందరూ పగిలిన టైల్సు, పాత కమోడ్‌లు అక్కడే పోశారు. యాదలక్ష్మి తన గోడకు ఆనుకున్న మూలలో ఆ పెంకులన్నీ ఏరి ఒక పక్కకు పోసింది. ఆకులు కుప్ప పోస్తే గాలికి చెదిరిపోయాయి. కుక్కలు పడుకుని చిమ్మేశాయి. అప్పుడామె అక్కడే పడి ఉన్న కడీల్లో నాలుగు విరిగినవి చూసి, జానయ్య చేత నాలుగు మూలలా పాతించి, చుట్టూ పాత నేతచీరలు చుట్టింది. బయటినుంచి చూస్తే పెళ్లింటి పెరట్లో చీరలు చుట్టి కట్టిన చిన్న స్నానాల గదిలా ఉండేది.

పని పెద్దదేమీ కాదు గానీ విడవకుండా చేయాల్సింది. ఆకుల్లోంచి ప్లాస్టిక్ కవర్లు, దారం ముక్కలు ఏరాలి. జానెడు మందం ఆకు పరిచి, ఎడ్లూ గేదెలూ ఇంకా మిగిలిన ఒక పాక నుంచి తెచ్చిన పేడ నీళ్లలో కలిపి చల్లి, పైన కాస్త మట్టి వేయాలి. బియ్యం కడిగిన నీళ్లు పోయాలి. పదిహేను రోజులకోసారి కిందిది పైకి తిప్పాలి. కొమ్మలూ పుల్లలూ అందులో వేయకూడదు, అవి ఇస్త్రీ చేసే ముత్తమ్మ పొయ్యిలోకి పట్టుకుపోయేది. తొమ్మిది సంచుల ఆకు ఛాతీ ఎత్తు కుప్పయింది. ఇరవై రోజులకు మోకాలి ఎత్తుకు దిగింది.

ఒక పొద్దున జానయ్య ఆ కుప్పలోకి చెయ్యి పెట్టి వెంటనే తీసేశాడు.

"గిదేందే, ఇంజన్ లెక్క కాలుతుంది?"

"మురుగుతుంటే కాలదా మరి?"

ఆ వేడి ఆయన మనసుకు పట్టింది. డిపో వదిలాక ఆయన చేతికి వేడెక్కే వస్తువేదీ దొరకలేదు. పాత ఇనుప చువ్వ ఒకటి తెచ్చి రోజూ పొద్దున కుప్పలోకి దించి, పళ్లు తోముకునేదాకా ఉంచి, బయటికి తీసి పట్టుకుని చూసేవాడు. చల్లబడితే "ఇయ్యాల తిప్పాలె" అనేవాడు. తనే తిప్పేవాడు. ఏప్రిల్ వచ్చేసరికి వీధిలో ఇంకో మూడిళ్లవాళ్లు తమ ఆకుల సంచులు పట్టుకుని వచ్చారు.

"జానయ్యా, మా మామిడాకు గూడ వెయ్యాల్నా?"

"వెయ్యున్రి. ప్లాస్టిక్ ఉందనుకో, నా జాగల అడుగు గూడ పెట్టొద్దు."

యాదలక్ష్మి మిషన్ దగ్గర కూర్చుని ఆ మాట వింది. నవ్వుకుంది. అంతకుమించి ఏమీ అనుకోలేదు. ఎండాకాలం నీడలో గడిచిపోయింది. దసరా మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

జులైలో రెండు వానలు పడ్డాక ఒక గురువారం పొద్దున ఇంటి ముందు ఆటో ఆగింది. తెల్ల చొక్కా వేసుకున్న ఒక పెద్దాయన దిగి, గేటు వైపు చూడకుండా నేరుగా ప్లాటులోకి నడిచాడు. చీరలు చుట్టిన కడీల చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. ఫోన్ తీసి నాలుగు వైపులా ఫొటోలు పట్టాడు. యాదలక్ష్మి సూది చేతిలో ఉండగానే బయటికి వచ్చింది.

"ఏమ్మా, ఈ రాళ్లు పాతింది ఎవరు?"

"మేమే సార్. ఆకులు ఎగిరిపోతున్నయని."

"ఆకులకి హద్దురాళ్లు పాతుతారా ఎవరైనా?"

"కొత్త రాళ్లు గావు సార్. ఈడ్నే పడిపోయి ఉండె. లేవట్టి పెట్టినం."

"అవి నా రాళ్లు. నా రాళ్లతో నా స్థలంలో మీరు హద్దు వేసుకున్నారు. నేను చెప్పేదీ అదే."

ఆయన పేరు సాంబమూర్తి. తెనాలి వైపు నుంచి వచ్చి ముప్పై అయిదేళ్లయింది. కాలేజీలో లెక్చరర్‌గా చేసి దిల్‌సుఖ్‌నగర్‌లో ఫ్లాటు కొనుక్కున్నాడు. పక్క ప్లాటు ఆయనదే. ఈ సంగతులన్నీ ఆయన మూడు నిమిషాల్లో చెప్పేశాడు. జానయ్య చువ్వ పట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

"సార్, జర మంచిగ మాట్లాడున్రి. ముప్పై ఏండ్లు డిపోల చేసిన. ఒక్క నట్టు ఇంటికి తెచ్చుకోలె."

"నట్టు సంగతి కాదండీ, రెండు వందల గజాల సంగతి. మీలాంటివాళ్లని చాలామందిని చూశాను. కబ్జా చేసేవాళ్లెవరూ మొదటిరోజే గోడ కట్టరు."

కబ్జా అన్న మాట వీధి మధ్యలో పడింది. ఎదురింటి అరుగు మీద ఎల్లమ్మ ఉంది. ఇస్త్రీ ముత్తమ్మ పెట్టె దించి చూస్తోంది. జానయ్య చువ్వ గోడకు ఆనించాడు.

"ఆదివారం పొద్దున వస్తాను," అన్నాడు సాంబమూర్తి. "ఈ కుప్ప ఉండకూడదు, రాళ్లు ఇలా ఉండకూడదు. ఉంటే ఇటునుంచి ఇటే పోలీస్ స్టేషన్‌కి వెళ్తాను. నా నంబరు రాసుకోండి."

ఆటో వెళ్లిపోయాక జానయ్య లోపలికి వెళ్లి ఫోన్ తీశాడు. ఎల్.బి.నగర్ కూలీల అడ్డా మీద కూర్చునే కొమరయ్య చెట్లు కొడతాడు. అతనికి చేశాడు.

"ఆదివారం రా. మొత్తం తీసెయ్యాలె, మొదలుతోని సహ."

"దసరా దాక అన్నవ్ గదా," అంది యాదలక్ష్మి.

"దసరా దాక దొంగ పేరు మొయ్యాల్నా? చెట్టుంటె ఆకు, ఆకుంటె కుప్ప, కుప్పుంటె కబ్జా. నాకొద్దు."

ఆయన ముఖం చూస్తే యాదలక్ష్మికి ఏదన్నా అనే సందు కనిపించలేదు. ఆ రోజూ మర్నాడూ చీరలు కుడుతూనే ఉంది. రేకుల మీద నీడ కదిలినప్పుడల్లా తల ఎత్తి చూసింది.

శనివారం మధ్యాహ్నం సాంబమూర్తి నంబరుకు ఫోన్ చేస్తే ఆయన భార్య కృష్ణకుమారి ఎత్తింది. అడ్రసు అడిగితే ఇచ్చింది. యాదలక్ష్మి మంచి చీర కట్టుకుని, షేర్ ఆటోలో ఎల్.బి.నగర్ దాకా, అక్కడినుంచి మెట్రోలో దిల్‌సుఖ్‌నగర్ దాకా వెళ్లింది. ఫ్లాటు మూడో అంతస్తులో ఉంది. కృష్ణకుమారి మంచినీళ్లు ఇచ్చి పక్కనే కూర్చుంది. ఆమె చీర ఫాల్ ఒక చోట ఊడి వేలాడటం యాదలక్ష్మి కంట పడింది, కానీ అది అడిగే సమయం కాదని ఊరుకుంది.

"సార్, మాకు మీ జాగ ఒద్దు," అంది. "గట్లని కాయిదం మీద రాసిస్త. సంతకం పెడుత. మా ఆయన గూడ పెడుతడు. కుప్ప మటుకు గీ వానలు అయ్యేదాక ఉండనియ్యున్రి. రాళ్లు రేపే తీసేస్తం."

సాంబమూర్తి వెంటనే కోప్పడలేదు. లేచి వెళ్లి బీరువాలోంచి లావుపాటి ఫైలు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఇది ఏంటో తెలుసామ్మా? బడంగ్‌పేట్‌లో నాకో స్థలం ఉండేది. మొదట ఒకాయన పేడకుప్ప వేశాడు. పోనీలే, గేదెలున్నాయి పాపం అనుకున్నాను. తర్వాత కుప్ప తడవకుండా పందిరేశాడు. పందిరి కింద మంచం వేశాడు. మంచం మీద ఆయన పడుకున్నాడు. పదకొండేళ్లు కోర్టు చుట్టూ తిరిగాను."

"చివరికేమైంది సార్?"

"చివర ఇంకా రాలేదు," అంది కృష్ణకుమారి.

"మేం పందిరి వెయ్యం సార్."

"మీరు వెయ్యరేమో. నేను కాగితం తీసుకుంటే మీకు అనుమతి ఇచ్చినట్టవుతుంది. రేపు మీ తర్వాత వచ్చేవాళ్లు ఆ కాగితం పట్టుకుని నిలబడతారు. నాకు ఆకులతో గొడవ లేదమ్మా. మీరు తగలబెట్టకుండా మంచిపనే చేస్తున్నారు. మీ స్థలంలో చేసుకోండి."

యాదలక్ష్మి గ్లాసు కింద పెట్టింది. "మేం కబ్జా చేస్తున్నమని మీకు ఎవలు చెప్పిన్రు సార్?"

"మీ ఆయనే చెప్పాడు కదా."

"మా ఆయననా?"

"టీ కొట్టు దగ్గర అందరితో అంటున్నాడట. 'మా పెంట జాగ, మా పెంట జాగ' అని. అక్కడ ఒక బ్రోకరు విని ఇది ఎవరిదా అని వెతుక్కుంటూ నాకు ఫోన్ చేశాడు. మీరేనా అమ్మేసింది అని అడిగాడు."

ఆ మాటకు అర్థం అది కాదని యాదలక్ష్మి అందామనుకుంది. అనలేకపోయింది, ఎందుకంటే ఆ మాటకు అర్థం అదే. ఊళ్లో ఏ పట్టా లేకపోయినా ఎవరి పెంట ఏళ్లుగా ఎక్కడుంటే ఆ చోటు వాళ్లది. ఇంకొకరు అక్కడ పిడక కూడా వేయరు. జానయ్యా వాళ్ల అన్నా వేరుపడినప్పుడు ఇల్లు, బావి, చింతచెట్టుతో పాటు పెంట జాగ కూడా పెద్దమనుషులు తాడుతో కొలిచి పంచారు. అన్న వాటాకు వచ్చిన పెంట జాగలోనే తర్వాత ఆయన ఇల్లు కట్టుకున్నాడు. జానయ్య అబద్ధం చెప్పలేదు, దొంగ బుద్ధితోనూ అనలేదు. నోట్లో ఉన్న మాట అన్నాడు. ఈ పెద్దాయన భయమూ ఉత్తిది కాదు.

"సరే సార్," అంది. "రేపు రాన్రి. తీసేస్తం."

ఇల్లు చేరేసరికి జానయ్య టీవీ ముందు ఉన్నాడు. ఆమె చెప్పులు విప్పి, ఎదురుగా కూర్చుంది.

"ఆ సార్ ఇంటికి పోయొచ్చిన."

"ఎందుకు పోయినవ్? కాళ్లు మొక్కనీకా?"

"ఆ జాగ మనదని ఆయనకు చెప్పిందెవరో తెలుసుకుందామని పోయిన."

"ఎవడంట? ముత్తమ్మ మొగడా?"

"నువ్వే."

జానయ్య రిమోట్ పక్కన పెట్టాడు. యాదలక్ష్మి టీ కొట్టు సంగతి, బ్రోకరు సంగతి చెప్పింది. గొంతు పెంచలేదు. ఆయన టీవీ వైపు తిరిగాడు. అందులో వానాకాలం పంటల గురించి ఎవరో మాట్లాడుతున్నారు.

"మాటవరసకు అన్న," అన్నాడు.

"అవును, మాటవరసకే. చెట్టేం అన్లేదు గదా మరి."

"ఇప్పుడేం జెయ్యమంటవ్?"

"కుప్ప లోపలికి తెద్దాం."

"లోపల ఏడుంది జాగ?"

గేటుకూ నీళ్ల సంపుకూ మధ్య సిమెంటు వేయని నేల ఆరడుగుల పొడుగు, నాలుగడుగుల వెడల్పు ఉంది. ఇంట్లో మట్టి కనిపించే చోటు అదొక్కటే. అక్కడ జానయ్య స్కూటర్ ఉంటుంది. పంతొమ్మిదేళ్ల బండి. దానికి రేకు ముక్కతో ఆయనే గొడుగు చేసి పెట్టాడు.

"నీ బండి కాడ," అంది యాదలక్ష్మి.

"బండి ఏడ పెట్టాలె?"

"బజార్ల."

"బజార్ల పెడితె ఎవడన్న ఎత్తుకపోతడు."

"దాన్ని ఎవడెత్తుకపోతడు? ఎత్తుకపోయినోడు మల్ల రిపేరుకు నీ దగ్గరికే తెస్తడు."

ఆయన నవ్వలేదు. అన్నం తిని, చెయ్యి కడుక్కుని, మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు. కొమరయ్యకు వద్దని ఫోన్ చేయలేదు. ఆమె కూడా చేయమని అడగలేదు. అడిగితే ఆయన కాదంటాడేమోనని, కాదన్నాక ఆ మాట మీదే నిలబడతాడేమోనని ఊరుకుంది.

ఆదివారం తెల్లవారుతూనే యాదలక్ష్మి ప్లాటులోకి వెళ్లి చీరలు విప్పింది. కడీలు ఊపి ఊపి ఒక్కొక్కటే పెకిలించి, మొదట పడి ఉన్నట్టే గోడవారన పడుకోబెట్టింది. గుంటలు పూడ్చి కాలితో తొక్కింది. ఏడింటికి సాంబమూర్తి వచ్చాడు. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో ఆ రోజు పేపరు ఉన్నాయి. ఆయన వెనకాలే కొమరయ్య కూడా వచ్చాడు. మెడలో తాడు చుట్ట, భుజాన గొడ్డలి. చెట్టు కిందికి పోయి మొదలు చుట్టూ చేతులు పెట్టి చూశాడు.

"మంచి చెట్టే," అన్నాడు ఎవరితోనో అన్నట్టు. "ఎందుకు కొట్టిపిస్తున్రు?"

జానయ్య ఇంకా బయటికి రాలేదు. యాదలక్ష్మి మొదటి తట్ట నింపి ఎత్తుకుంటే, కొమరయ్య ఊరికే నిలబడటం బాగోలేదని గొడ్డలి గోడకు ఆనించి రెండో తట్ట అందుకున్నాడు.

వాళ్లు గేటు దాకా వచ్చేసరికి లోపల ఇనుప స్టాండు లేపిన చప్పుడైంది. జానయ్య స్కూటర్‌ను వెనక్కి నడిపించుకుంటూ గేటు బయటికి తెచ్చాడు. రోడ్డు మీద అటూ ఇటూ చూసి, ఎదురింటి గోడ నీడలో నిలబెట్టాడు. హ్యాండిల్ లాక్ వేసి, వేసిందో లేదో రెండుసార్లు గుంజి చూశాడు. యాదలక్ష్మి ముఖం చూడకుండా ఆమె చేతిలో తట్ట తీసుకుని, స్కూటర్ ఉన్న చోట బోర్లించాడు.

పై ఆకంతా అరగంటలో అయిపోయింది. దాని కింద సగం మురిగిన ఆకు, ఇంకా కింద నల్లగా పొడిపొడిగా, వేళ్ల మధ్య జారిపోయేది వచ్చింది. యాదలక్ష్మి పారతో దాన్ని ఎత్తబోతుంటే సాంబమూర్తి గొడుగు అడ్డం పెట్టాడు.

"ఆగండమ్మా. అది నేల."

"నేల కాదు సార్. ఆకే."

"నాకు మట్టి కనిపిస్తోంది. మీరిలా తవ్వుకుంటూ పోతే నా స్థలంలో గుంట పడుతుంది. నేను వచ్చింది కుప్ప తీయించడానికి, మట్టి తోలించడానికి కాదు."

"సార్, అయిదు నెలల సంది నేను పేడ మోసి మురగవెట్టిన ఆకు అది."

"ఆకైతే ఆకులా ఉండాలి కదా."

జానయ్య తట్ట పట్టుకుని మధ్యలో నిలబడ్డాడు. యాదలక్ష్మి పార పక్కన పడేసి గొంతుకూర్చుంది. రెండు చేతులతో ఆ నల్లదాన్ని కొంచెం కొంచెంగా పక్కకు తోసింది. అందులోంచి మురగకుండా మిగిలిన ఒక బాదం ఆకు ఈనె తీసి ఆయనకు అందించింది. ఇంకా తోసింది. నాలుగు వేళ్ల లోతులో గట్టిగా ఎర్రటి మొరం నేల తగిలింది. గోటితో గీసినా ఊడి రాలేదు.

"ఎర్రది మీది సార్," అంది. "నల్లది మాది. ఎర్రది కనవడంగనే ఆపేస్తం."

సాంబమూర్తి వంగాడు. నడుము మీద చెయ్యి పెట్టుకుని, ఆ నల్లదాన్ని చిటికెడు తీసి, అరచేతిలో నలిపి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కాలేజీలో పిల్లల జవాబు పత్రం చూసినంత సేపు చూశాడు.

"వాసన లేదే," అన్నాడు.

"మురుగుడు అయిపోతే వాసన ఉండది సార్," అన్నాడు జానయ్య మెల్లగా.

"సరే. ఎర్రది మాత్రం ముట్టుకోకండి."

ఆయన గొడుగు మడిచి పక్కన నిలబడ్డాడు. నల్లదంతా పదకొండు తట్టలైంది. చివరకు ఆ మూల నేల చదునుగా, ఎర్రగా, ఊడ్చినట్టు కనిపించింది. రెండు వందల గజాల్లో శుభ్రంగా ఉన్నది ఆ మూల ఒక్కటే. సాంబమూర్తి గోడవారన ఉన్న కడీలు లెక్కపెట్టుకున్నాడు. తర్వాత ఫోన్ కొమరయ్య చేతికిచ్చి, తను ఆ ఖాళీ నేల మీద నిలబడి, తేదీ కనిపించేలా పేపరు ఎదురు రొమ్ముకు పట్టుకున్నాడు.

"పేపరు, నేల, రెండూ పడాలి బాబూ."

"మీరు జర నవ్వున్రి సార్," అన్నాడు కొమరయ్య.

ఆయన నవ్వలేదు. ఫొటో చూసుకుని, బాగుందని ఫోన్ జేబులో పెట్టుకుని, యాదలక్ష్మికి తల ఊపి వెళ్లిపోయాడు.

కొమరయ్య చేతులు కడుక్కుని, గోడకు ఆనించిన గొడ్డలి తీసుకున్నాడు. ఎండ పైకొస్తోంది. రేకుల గది మీద కొమ్మల నీడ సగం దాకా జరిగింది.

"నన్ను చెట్టుకని పిలిచి తట్టలు మోపిచ్చిన్రు," అన్నాడు. "ఇప్పుడన్న చెప్పున్రి. ఎక్కాల్నా, ఒద్దా?"

యాదలక్ష్మి కొత్త కుప్ప పక్కన చీర పరుస్తోంది. తల ఎత్తలేదు కానీ చేతులు ఆగాయి. జానయ్య చెట్టు కేసి పైకి చూశాడు. ఒక కొమ్మ రోడ్డు మీదికి సాగి కరెంటు తీగకు మూరెడు దూరంలో ఊగుతోంది.

"ఎక్కు. ఆ తీగ మీదికొచ్చిన కొమ్మ ఒక్కటి తియ్యి," అన్నాడు. "తక్కింది ముట్టకు."

"ఒక్క కొమ్మకు ఇంత దూరం పిలిచిన్రా?" కొమరయ్య తాడు విప్పాడు. "సరే, ఆ కొమ్మ ఆకేం జెయ్యాలె? నాలా కాడ పడేసి పోవాల్నా?"

"గీ గేటు లోపల వెయ్యి," అంది యాదలక్ష్మి. "ఆకు దూసి ఈడ వెయ్యి. కట్టె నువ్వు తీస్కపో."